ఇప్పుడా ఈ మాట? అదను తప్పిన మాటలకీ, వేళగాని రాకలకీ మన పేర్లు

మిరపకి నల్ల తామర పురుగు పడ్డ ఏడు, అంటే 2021-22. ప్రత్తిపాడు వైపు ఒక ఊళ్ళో కౌలు రైతు పురుగుమందు తాగాడని కబురొస్తే పోయాం. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందంట. శవం వాకిట్లో ఉంది. ఆడోళ్ళు ఏడుస్తున్నారు. నేను ఆయన తమ్ముడిని పక్కకి పిలిచి, "పోలీసులకి చెప్పారా? పోస్టుమార్టం కాకుండా తీసుకుపోవద్దు" అన్నా. అరుగు మీద కూర్చున్న పెద్దాయన చెవిన పడింది.

"ఇప్పుడా అబ్బాయ్ ఈ మాట? ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టుందే నీ యవ్వారం" అన్నాడు.

తల దించుకుని బయటికొచ్చేశా. సాయంత్రానికి దహనం చేసేశారు. ఆ తర్వాత ఏమైందో చివర్లో చెప్తా. ఆ రోజు నించి నాకొక అలవాటైంది. వేళ తప్పి అన్న మాటలకీ, వేళ తప్పి వచ్చే మనుషులకీ మన గుంటూరు, ప్రకాశం ఊళ్ళల్లో ఎన్ని పేర్లున్నయ్యో చెవినబడ్డప్పుడల్లా రాసిపెట్టుకోవటం. ఒంగోల్లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు. అదంతా సేద్యం మాటలే. నాకు అంత చదువు లేదు. పదో తరగతితో సరి. కల్లాల కాడ, చావిళ్ళ కాడ, ధర్నా టెంట్ల కింద ఇన్నదే నా చదువు. ఆ పోగు ఇది.

అదను, పదును

ముందు ఈ రెండు మాటలు తెలియాలి. మిగతావన్నీ వీటి పిల్లలే. అదను అంటే పని చెయ్యటానికి సరైన సమయం. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులో కూడా ఉన్న పాతమాట. పదును అంటే గింజ పడితే మొలిచేంత తేమ నేలలో ఉండటం. నల్లరేగడిలో సేద్యం చేసినోళ్ళకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. వాన పడ్డ రోజే చేలో దిగితే కాళ్ళకి బంక పట్టిద్ది. నాలుగు రోజులు అశ్రద్ధ చేస్తే పైపొర ఆరి గట్టిపడిద్ది. ఆ మధ్యనున్న ఒకటి రెండు రోజులే పదును. "అదనెరిగి సేద్యం, పదునెరిగి పైరు" అని సామెత.

మాట సంగతీ ఇంతే అని మన పెద్దోళ్ళ లెక్క. ఎదుటిమనిషి మనసులో తేమ ఉన్నప్పుడు పడ్డ మాట మొలిచిద్ది. బంకగా ఉన్నప్పుడో, ఎండి బిగుసుకున్నప్పుడో అంటే ఇత్తనం వృథా. వానకాలంలో మిరప నారుకి ప్రాణం పోసిన వానే, ఫిబ్రవరిలో కల్లంలో ఆరబోసిన కాయ మీద పడితే మచ్చలొచ్చి తాలు కింద పోయిద్ది. పగిలిన పత్తి మీద పడితే రంగు మారి రేటు తెగిద్ది. వాన మీద కోపమేం లేదు. రావాల్సినప్పుడు రాకపోవటం మీదే.

ఇంకో జంట మాట ఉంది, వేళాపాళా. "వేళాపాళా లేకుండా వస్తాడు", "వేళాపాళా చూడకుండా అడుగుతాడు" అంటాం. వేళ అంటే పొద్దు. పాళం అన్నా తగిన సమయమే, వీలే. పొద్దూ చూడలా, ఇంట్లోవాళ్ళ వీలూ చూడలా అని రెండు తప్పులూ కలిపి తిట్టటం అన్నమాట.

వచ్చేవాళ్ళ మీద మాటలు

తెలుగులో "వచ్చాడు" అనే మాటలో మంచీ చెడూ లేదు. చెడు చెప్పాలంటే క్రియే మార్చేస్తాం. ఇదిగో, మెత్తని దాన్నించి గట్టిదాకా వరసగా చూడండి.

అదాటున రావటం: చెప్పాపెట్టకుండా రావటం. దీంట్లో తప్పు పట్టటం లేదు. "అదాటున వచ్చారు, కూర కూడా లేదు" అన్న ఇల్లాలు సిగ్గుపడుతోంది గానీ చుట్టాన్ని తిట్టటం లేదు.

ఊడిపడటం: ఆకాశంలోంచి పడ్డట్టు రావటం. ఆశ్చర్యం పాలెక్కువ, విసుగు పాలు తక్కువ. "నువ్వు యాడ నించి ఊడిపడ్డావయ్యా?"

తయారవటం: పదేపదే ఒకే వేళకి రావటం. "కంచం ముందు కూర్చునే టయానికి తయారు."

దిగబడటం: పిల్లాజెల్లాతో, మూటాముల్లెతో, వెంటనే పోయే ఉద్దేశం లేకుండా రావటం.

తగుదునమ్మా అని రావటం: తన అవసరం లేని చోటికి తానే పెద్దమనిషినని వచ్చి నిలబడటం. ఊరి పంచాయితీల్లో, ఓట్ల సీజన్లో ఈ మాట బాగా ఇనపడిద్ది.

తగలడటం: తగలబడటం నించి వచ్చిన తిట్టు. "మళ్ళీ తగలడ్డాడు" అంటే అసహ్యం దాచుకోటల్లేదని.

దాపురించటం: మనిషిని శని లెక్కనో, రోగం లెక్కనో చూడటం. అప్పులోడికీ, జప్తుకొచ్చినోడికీ వాడతారు.

వీటికి ఎదురుగా మంచి రాకకీ మాటలున్నయ్. అనుకుంటుండగానే వస్తే "నూరేళ్ళాయుష్షు నీకు" అంటాం. అన్నం వేళకొస్తే "వేళకొచ్చావ్, కాళ్ళు కడుక్కో" అంటాం. అదే అన్నం, అదే వేళ. వచ్చింది మనకి కావాల్సినవాడైతే వేళకొచ్చాడు, కాకపోతే తయారయ్యాడు. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు పనికొచ్చిద్ది.

పిలవని పేరంటం సంగతి అందరికీ తెలిసిందే. పానకంలో పుడక మాత్రం మనూళ్ళకి బాగా దగ్గర. మంగళగిరి కొండ మీద నరసింహస్వామికి పానకమే నైవేద్యం కదా. పుడక పెద్దదేం కాదు, విషమూ కాదు. కానీ తియ్యగా దిగుతున్న గుటకలో అడ్డం పడిద్ది. సంబరంగా మాట్టాడుకుంటున్నప్పుడు వచ్చి కూర్చున్న మనిషినీ అంటారు, మధ్యలో అన్న మాటనీ అంటారు.

అనేవాళ్ళ మీద మాటలు

నోరు జారటం: అనాలని కాదు, అనేశాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. తప్పే గానీ ఇందులో కుళ్ళు లేదని ఒప్పుకునే మాట ఇది.

మాట తూలటం: కోపంలో అదుపు తప్పటం. రాజీ కుదిర్చేటప్పుడు పెద్దమనుషులు "వాడేదో మాట తూలాడు, వదిలెయ్" అంటారు.

నోటిదూల: ఇది ఒక రోజు జరిగేది కాదు, గుణం. అనకుండా ఉండలేకపోవటం.

పుల్లవిరుపు మాట: పుల్ల ఇరిచినట్టు టక్కున తెగ్గొట్టటం. అడిగినోడికి ఇంకో మాట అనే సందివ్వకపోవటం.

అడ్డపుల్ల: అంతా కుదిరాక ఆఖర్లో పెట్టే పేచీ. సంబంధం ఖాయమయ్యాక కట్నం మాట, బేరం తెగాక తూకం మాట.

ఎత్తిపొడుపు, దెప్పిపొడుపు: ఈ రెంటినీ కలిపేస్తారు గానీ తేడా ఉంది. ఎత్తిపొడుపు అంటే ఇప్పటి లోపాన్ని వేలెత్తి చూపటం. దెప్పటం అంటే ఎప్పుడో చేసిన సాయాన్నో, ఎప్పుడో జరిగిన తప్పునో మళ్ళీ మళ్ళీ తవ్వి తియ్యటం. "మొన్న నువ్వు తెచ్చుకున్న డబ్బులు" అని పదిమందిలో అనటం దెప్పటం.

పుండు మీద కారం: మిరప పండించే చోట దీనికి వివరం అక్కర్లేదు. కోతలకి పోయిన ఆడోళ్ళని అడగండి, గోళ్ళ సందుల్లో మంట ఎట్టా ఉంటదో చెప్తారు.

అప్రస్తుత ప్రసంగం: చదువుకున్నోళ్ళ మాట. మీటింగుల్లో వాడతారు. పైకి మర్యాదగా ఉండి, లోపల "కూర్చో" అని చెప్పే మాట.

వేళ తప్పిన మాటకి మనోళ్ళు చెప్పుకునే పెద్ద ఉదాహరణ, శుభం పలకరా ఎంకన్నా అంటే పెళ్ళికూతురు ముండ ఎక్కడ అన్నాడంట. నవ్వుతాం. నవ్వాక ఒక్కమాటు ఆగి చూస్తే, ఆ సామెత అంతా నిలబడింది భర్త పోయిన ఆడమనిషిని చెప్పే మాట మీద. ఆ మాట పెళ్ళింట్లో ఇనపడటమే అశుభం అనుకున్నాం. మరి ఆ మనిషే పెళ్ళింట్లోకొస్తే? అక్కడికొద్దాం.

ఆలస్యానికి సామెతలు

చేతులు కాలాక ఆకులు పట్టుకోవటం, తప్పు చేసినోడే ఆలస్యంగా తెలుసుకోవటం. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరగటం, కాపలా ఉండాల్సినోడు ఆలస్యంగా లేవటం. ఈ రెండూ ఒకటి కాదు. మొదటిదాంట్లో జాలి ఉంది, రెండోదాంట్లో నింద ఉంది.

మిగ్‌జాం తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. పత్తి, మిరప చేలల్లో నీళ్ళు నిలబడ్డయ్. అట్టాంటప్పుడు నష్టం రాసుకోవటానికి ఎవరన్నా వచ్చేదాకా చేను అట్టాగే పెట్టుకోవాల్నా, దున్నేసి ఇంకో పంట ఏసుకోవాల్నా అనేది రైతుకి పెద్ద తగువు. పెట్టుకుంటే అదను పోయిద్ది. దున్నితే రాసుకునేవాళ్ళు "పంటేదయ్యా?" అంటారు. ఆర్నెల్ల కుక్కల సామెత ఊరికే పుట్టలా.

మూడోది, ఇల్లు కాలుతుంటే చుట్టకి నిప్పడగటం. ఇది ఆలస్యం కాదు, సరిగ్గా ఆ నిమిషానికే రావటం. వాడికి నిప్పు కావాలి, నిజమే. అక్కడ నిప్పుంది, అదీ నిజమే. ఎదుటివాడి ఇల్లు ఒక్కటే వాడికి కనపడలా. పొగాకు బోర్డు ఆఫీసు పెట్టుకున్న గుంటూరు గడ్డకి చుట్టేందో, నిప్పేందో చెప్పక్కర్లేదు. నా మీద పడ్డ సామెత ఇదే.

ముందు జాగ్రత్త మాటలు

వేళ తప్పిన మాట రాకుండా మనోళ్ళు కంచె కూడా కట్టారు. ఇంట్లో బియ్యం అయిపోతే "అయిపోయినయ్" అనరు, "నిండుకున్నయ్" అంటారు. దీపం ఆరితే "కొండెక్కింది" అంటారు. బయటికి పోయే మనిషిని "ఎక్కడికి?" అని అడగకూడదని, "ఎందాకా?", "దూరమా?" అంటారు. పోయేవాడు కూడా "పోతా" అనడు, "వెళ్ళొస్తా" అంటాడు.

చావింట్లో మాత్రం ఆ ఒక్క మాటా అనకూడదు. పలకరింపుకి పోయినోళ్ళు లేచేటప్పుడు "వెళ్ళొస్తా" అనరు. మళ్ళీ అలాంటి పని మీద రాకూడదని. చెప్పకుండా లేచి వచ్చేస్తారు. మంగళ, శుక్రవారాల్లో పలకరింపులకి పోనివాళ్ళూ ఉన్నారు. నమ్మకాల సంగతి పక్కన పెట్టండి, వీటి ఎనక ఒక మర్యాద ఉంది. ఎదుటివాడి గుండె పచ్చిగా ఉన్నప్పుడు మన నోరు అదుపులో ఉండాలని. ఆ మర్యాదని నేను ఎగతాళి చెయ్యను.

ఎప్పుడొచ్చినా వేళ తప్పేవాళ్ళు

నా పేచీ ఇక్కడ. బద్దెన రాశాడని చెప్పుకునే సుమతీ శతకంలో ఒక నీతి ఉంది. ఏ వేళకి తగ్గ మాట ఆ వేళకి మాట్టాడి, ఒకరిని నొప్పించకుండా, తాను నొచ్చుకోకుండా తప్పుకు తిరిగేవాడే ధన్యుడని. బళ్ళో బట్టీ పట్టాం. మంచి మాటే. కాకపోతే తప్పుకు తిరగటానికి దారి ఉన్నోడికి పనికొచ్చే మాట. దారి మధ్యలో కట్టేసినోడు ఎట్టా తప్పుకుంటాడు?

1985 జులై. కారంచేడు. అప్పుడు ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. దళితులు తాగే నీళ్ళ దగ్గర గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే అడ్డం చెప్పారు. చెప్పినవాళ్ళల్లో ఒక దళిత స్త్రీ ఉంది. మర్నాడు, 17వ తేదీన, పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. ఆ మాటలో అదను తప్పిందేముంది? తాగే నీళ్ళు మురికవుతున్న నిమిషాన గాక ఇంకెప్పుడు చెప్పాలి? వేళ సరిపోయింది, మాట సరిపోయింది. అన్న మనిషి కులమే వాళ్ళకి గిట్టలా. "నోరెక్కువైంది" అనే మాట ఎవరి మీద వాడతారో గమనించండి. పెద్దరైతు అరిస్తే నిక్కచ్చి మనిషి. పాలేరు అదే మాట అంటే నోరెక్కువ.

భర్త పోయిన ఆడమనిషిదీ ఇదే కథ. పొద్దున్నే వీధిలోకొస్తే "ఎదురొచ్చింది" అంటారు. రావటం కాదు, ఎదురు రావటం. ఆమె పాల చెంబు పట్టుకుని తన పని మీద తాను పోతున్నా సరే, లెక్క మాత్రం మన ప్రయాణానికి అడ్డం వచ్చినట్టే. తెలుగులో ఇంతకన్నా అన్యాయమైన క్రియ నాకు కనపడలా.

వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా ఈ లెక్కని తిరగేశాడు. గబ్బిలం ఇంట్లో దూరితే అరిష్టం అంటారు. పిలవని రాకల్లో అంతకన్నా చెడ్డది లేదు. ఆయన 1941లో తెచ్చిన కావ్యంలో గుళ్ళోకి పోనియ్యని మనిషి తన బాధ శివుడికి చెప్పమని రాయబారం పంపింది ఆ గబ్బిలాన్నే. మనిషికి మూసిన గుడి తలుపు గబ్బిలానికి మూసిలేదు. హంసలూ మేఘాలూ మర్యాదగా మోసిన రాయబారాలు చదివిన పండితులకి ఇది వేళగాని రాకే. కానీ మాట చేరాలంటే ఒక్కోసారి అరిష్టం అనిపించుకునే దారే మిగిలిద్ది.

కాగితానికి ఒక అదను

మనసుకి ఒక అదను ఉంటే, సర్కారు కాగితానికి ఇంకో అదను ఉంది. రెండూ ఒకే రోజు కలవ్వు. మన జిల్లాల్లో ఈ చావులు కొత్తవి కావు. 1987-88లో పత్తికి తెల్లదోమ పడ్డప్పుడే గుంటూరు, ప్రకాశం రైతులు పురుగుమందు తాగారు. 2004లో 421 జీవో వచ్చింది. చనిపోయిన రైతు కుటుంబానికి లక్ష, అప్పుల పరిష్కారానికి యాభై వేలు. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో అది 5 లక్షలైంది, 2019లో 7 లక్షలైంది. కానీ ఆ డబ్బు రావాలంటే ఎఫ్ఐఆర్ ఉండాలి, పోస్టుమార్టం ఉండాలి, సేద్యం చేసినట్టూ అప్పున్నట్టూ రుజువులుండాలి. అధికారుల కమిటీ చూసి ఇది రైతు ఆత్మహత్యే అని తేల్చాలి. కౌలుదారుకి ఇంకో ముడి. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద పదకొండు నెలల కార్డు కావాలంటే భూమి సొంతదారు ఒప్పుకుని సంతకం పెట్టాలి. చాలామంది పెట్టరు.

దీంట్లో అప్పు కాగితాలు నెల తర్వాత ఎతుక్కోవచ్చు. సాక్షుల్ని తర్వాత పిలవచ్చు. పోస్టుమార్టం ఒక్కటే తర్వాతకి ఉండదు. దానికి పదును ఆ పూటే, శవం వాకిట్లో ఉన్నప్పుడే. అంటే ఆ ఇంటికి అన్నిటికన్నా అవసరమైన మాటని అన్నిటికన్నా అనకూడని వేళే అనాల్సొస్తది.

ఆ రోజు నేను ఆ మాట ఒక్కసారే అన్నా. పెద్దాయన సామెత ఇసరంగానే సిగ్గేసి వచ్చేశా. ఎఫ్ఐఆర్ లేదు, పోస్టుమార్టం లేదు. ఏడాది తర్వాత ఆయన భార్యని తీసుకుని ఒక ఆఫీసుకి పోయాం. అక్కడ కుర్చీలో ఉన్నాయన కాగితాలు తిరగేసి, "ఇప్పుడా వచ్చేది? అప్పుడే చెప్పాల్సింది కదమ్మా" అన్నాడు. పుల్లవిరుపు మాటే. కానీ అబద్ధం కాదు.

బస్టాండు కాడ టీ తాగుతా ఆమె నన్నడిగింది. "అన్నా, ఆ రోజు నువ్వేదో చెప్తుంటే మా మామ కసురుకున్నాడంట గదా. ఏం చెప్పావ్?"

చెప్పా.

కాసేపు మాట్టాళ్ళా. తర్వాత, "ఇంకోమాటు చెప్పాల్సింది అన్నా. నాకు చెప్పాల్సింది. ఏడుస్తున్నా గానీ చెవులు పని చేస్తానే ఉన్నయ్ గదా" అంది.

ఆమె దెప్పలేదు. ఉన్నదంది. నేను చేసిన తప్పు వేళగాని వేళ మాట్టాడటం కాదు, ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పకపోవటం. పొలం పని చేసిందీ, అప్పు కాగితాల మీద ఏలుముద్ర ఏసిందీ, రేపు కట్టాల్సిందీ ఆమె. నేను మగోళ్ళల్లో మగాణ్ణి ఎతుక్కుని చెప్పా. అరుగు మీద మగాయన వద్దంటే ఊరుకున్నా. మూల కూర్చున్న ఆడమనిషికి ఇది పట్టే మాట కాదని నేనూ అనుకున్నా.

ఇప్పుడు అట్టాంటి ఇంటికి పోతే నేను చేసేది ఇది. మాతో ఒక ఆడమనిషిని తీసుకుపోతాం. ఆమె పోయి ఆ ఇల్లాలి పక్కన కూర్చుంటది. ముందు చెయ్యి పట్టుకుంటది. తర్వాత మెల్లగా, "ఇది అనే వేళ కాదమ్మా, తెలుసు. కానీ రేపటికి ఈ మాటకి విలువ ఉండదు. పిల్లల కోసం ఇను" అని, పోలీసు కాగితం, పోస్టుమార్టం రెండే రెండు ముక్కలు చెప్పిద్ది. మూడో ముక్క చెప్పదు. అప్పుల లెక్కలు, పాసుబుక్కు, కౌలు కాగితం పెద్దకర్మ అయ్యాకే అడుగుతాం. ఎవరన్నా కసిరితే పడతాం. చుట్టకి నిప్పడిగినట్టుంది అంటే, "అవును బాబాయ్, అట్టాగే ఉంటది" అంటాం. లేచేటప్పుడు వెళ్ళొస్తామని మాత్రం అనం.

మీ ఊళ్ళో ఇట్టాంటి మాటలు ఇంకేమున్నయ్యో గుర్తుచేసుకోండి. గుర్తొచ్చినప్పుడు ఒక సంగతి కూడా చూడండి. ఆ మాట ఎవరు వాడతారు, ఎవరి మీద వాడతారు? "ఇప్పుడా ఈ మాట?" అని మిమ్మల్ని ఎవరన్నా ఆపితే, మరి ఎప్పుడో చెప్పమని అడగండి. రోజు చెప్పి, వేళ చెప్పినోడు నిజంగానే అదను గురించి మాట్టాడుతున్నాడు. చెప్పలేనోడు మీ నోరు గురించి మాట్టాడుతున్నాడు.